మా బాల్కనీలో కనకవల్లి

తార్నాక,
సోమవారం.

'కనకవల్లి నిలయం' సీరియల్ కథా విభాగం వారికి,

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంట్‌గా చేసి రిటైరైన కె. యాకోబు వందనములతో వ్రాయునది.

ఈ సంగతి వాట్సాప్‌లో పెట్టమని మీ ఆఫీసులో ఫోనెత్తిన అమ్మాయి సలహా ఇచ్చింది. పెట్టను. నా ఉద్యోగమంతా కాగితం మీద నడిచింది. కాగితం మీద లేని ఫిర్యాదు ఫిర్యాదు కాదు, గొణుగుడు. మీరు కూడా దయచేసి కాగితం మీదే జవాబివ్వండి.

విషయం: మా ఇంటి బాల్కనీలో నిలబడుతున్న మీ దయ్యం.

వేసవిలో మీవాళ్లు వచ్చి మా గేటూ, మేడమీద బాల్కనీ షూటింగుకు కావాలన్నారు. కథేమిటని అడిగితే "ఫ్యామిలీ స్టోరీ అంకుల్" అన్నారు. నా భార్య రాహేలు సంతోషపడి, వచ్చినవాళ్లందరికీ మజ్జిగ కూడా ఇచ్చింది. ఆ ఫ్యామిలీలో అందరూ చచ్చినవాళ్లేనని సీరియల్ మొదలయ్యాక తెలిసింది. ఇప్పుడు రోజూ ఆ కనకవల్లి అనే ఆవిడ తడిజుట్టు విరబోసుకుని, సరిగ్గా రాహేలు వడియాలు ఎండబెట్టుకునే చోట నిలబడి ఊరంతటినీ గుడ్లురిమి చూస్తోంది. మెట్రో స్టేషన్ దగ్గర ఆటో అతనికి మా వీధి పేరు చెబితే "దయ్యమిల్లు ఉన్నది గదా సార్, ఆ గల్లీయేనా?" అంటున్నాడు. "ఆ ఇల్లే" అంటే మలుపులోనే దింపేసి పోతున్నాడు.

ఇంతవరకు నవ్వొస్తే నవ్వుకోండి. అసలు బాధ వేరే ఉంది. మా సంఘంలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో గృహకూడిక జరుగుతుంది. పాటలు, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత టీ, తినడానికి ఏదో ఒకటి. వంతు ప్రకారం ఇల్లు మారుతుంది. మీ సీరియల్ మొదలైన దగ్గర్నుంచి మా ఇంటి వంతు వచ్చినట్టే వచ్చి, మమ్మల్ని దాటి పక్కవాళ్లకు పోతోంది. దయ్యాలను వెళ్లగొట్టమని గొంతు చించుకుని ప్రార్థించే సంఘం, టీవీలో జీతానికి పనిచేసే దయ్యానికి జడుస్తోంది! రాహేలు పైకి ఏమీ అనదు. గురువారం రాగానే చాపలు మాత్రం ఉతికి ఆరేస్తుంది. అది చూడటం నావల్ల కావడం లేదు.

మీ సీరియల్లో అప్పుడప్పుడు ఒక నవ్వుల ఎపిసోడ్ వేస్తారనీ, దసరాకు కూడా ఒకటి ఉందనీ ప్రకటన చూశాను. దాన్ని కాస్త బుద్ధి పెట్టి తీయండి. జనం ఒక్కసారి కనకవల్లిని చూసి మనసారా నవ్వితే ఇక భయపడరు. నేను కోరేది ఇదొక్కటే.

ఇట్లు,
మీ సీరియల్ చూడక తప్పని
కె. యాకోబు.

తా.క.: కనకవల్లి చచ్చి అరవై ఏళ్లయిందంటున్నారు. ఆవిడ వెనకాల మా స్ప్లిట్ ఏసీ కనపడుతోంది.

---

క్యాంపస్ హాస్టల్,
గురువారం.

గౌరవనీయులైన యాకోబు సార్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో నాలుగు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. నా పేరు భూపాల్. కనకవల్లికి మాటలు రాసేది నేనే. మీరు 'కథా విభాగం' అని రాసింది హాస్టల్లో నా మంచం. పీహెచ్‌డీ చేస్తూ ఖాళీ దొరికినప్పుడు సీరియల్ రాస్తున్నానని మా ఇంట్లో చెప్పాను. నిజం దానికి తలకిందులు.

మీ మనసులో ఉన్నది అర్థమైంది సార్. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. షూటింగుకు ఇల్లిచ్చిన ప్రతి ఓనరూ మొదటి ఉత్తరంలో ఫిర్యాదు రాస్తారు, రెండో ఉత్తరంలో ఫొటో పెడతారు. బౌద్ధనగర్‌లో పోలీస్ స్టేషన్ సీన్లకు ఇల్లిచ్చిన పెద్దమనిషి ఇప్పుడు మా సీరియల్లో ఎస్సై. మీ ఉత్తరం చదివి వినిపిస్తే మా డైరెక్టర్ కమలాకర్ అన్న "ఈ సార్ మాట మస్తు కడక్ ఉన్నది భై. దయ్యాన్ని ఎల్లగొట్టే ఫాదర్ కారెక్టర్‌కు ఈయన్నే తీస్కుందాం" అన్నాడు. కాబట్టి తెల్ల అంగీ వేసుకుని ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటోలు పంపగలరు. రాహేలు అమ్మకు కూడా ఆసక్తి ఉంటే పెళ్లి సీన్లలో ముందు వరసలో కూర్చోబెడతాం.

నవ్వుల ఎపిసోడ్ గురించి మీకు చింతే వద్దు. అది రాసేసి షూటింగ్ కూడా అయిపోయింది. నా థీసిసే హాస్యరసం మీద. ఈసారి కనకవల్లి ఎవర్నీ భయపెట్టదు. పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఇంటిల్లిపాదీ కడుపు చెక్కలయ్యేట్టు నవ్వుతారు.

మీ ఫొటోల కోసం ఎదురుచూస్తూ,
భూపాల్.

తా.క.: బాల్కనీ రేలింగుకు రంగు వేయించకండి. కనకవల్లి ఆత్మ దాన్నే పట్టుకుని ఉన్నది, కంటిన్యుటీ పోతుంది.

---

తార్నాక,
దసరా వెళ్లిన సోమవారం.

భూపాల్ గారికి,

ఫొటో పంపడం లేదు. నా మొహం కెమెరా ముందు పెట్టాలన్న సరదా నాకు లేదు. ఉన్నా మీ కెమెరా ముందు పెట్టను.

మీ నవ్వుల ఎపిసోడ్ మొదటి నుంచి చివరి దాకా, ప్రకటనలతో సహా చూశాను. ప్రకటనలప్పుడు కొంత ఊరటగా ఉంది.

కనకవల్లి సబ్బునీళ్ల మీద జారిపడింది. గోడలోంచి నడిచే ఆత్మ, నేల మీద కాలు ఆనని ఆత్మ, తన కుటుంబాన్ని చంపినవాడి కోసం అరవై ఏళ్లుగా కాచుకుని కూర్చున్న ఆత్మ, సబ్బునీళ్ల మీద ఎలా జారుతుందండీ? నిన్నటి దాకా ఆవిడకు కాళ్లే లేవని మమ్మల్ని బెదరగొట్టి, ఇవాళ కాలు జారింది నవ్వండి అంటారా? తర్వాత ఆవిడ చీర ఫ్యానుకు చుట్టుకుంది. వంటవాడి విగ్గు సాంబారులో పడింది. ఏది పడినా వెనకనుంచి 'టొయ్' మని ఒక చప్పుడు. పక్కన కూర్చున్నవాడు నవ్వు నవ్వు అని మోచేత్తో పొడుస్తున్నట్టే ఉంది. నవ్వు వస్తే మనిషి తనే నవ్వుతాడు. రాకపోతే మీరు గంట కొట్టినా రాదు.

మీ జబ్బేమిటో చెబుతాను. మీకు కనకవల్లి మీద నమ్మకం లేదు. మామూలు రోజుల్లో ఉన్నట్టు నటిస్తారు. నవ్వుల రోజు రాగానే 'ఇదంతా ఉత్తిదే లెండి' అని చూసేవాళ్లకు కన్నుకొడతారు. ఆ క్షణంలో దయ్యం పోయి, తెల్లచీర కట్టుకుని దబదబా కింద పడుతున్న ఒక ఆడపిల్ల మిగిలింది. కింద పడ్డ పిల్లను చూసి నవ్వే అలవాటు మా ఇంట్లో చిన్నప్పుడే మాన్పించారు. కనకవల్లి రోజూ ఎంత దయ్యమో నవ్వుల రోజూ అంతే దయ్యంగా ఉండాలి. ఆవిడ మారకూడదు, ఆవిడకు ఎదురయ్యే పని మారాలి. పగతో రగిలిపోతున్న ఆత్మ గోడ దాటబోతుంటే గ్యాస్ సిలిండరు వాడు వచ్చి "అమ్మా, ఓటీపీ చెప్పండి" అన్నాడనుకోండి. ఆవిడ అదే పగతో, అదే గంభీరంగా ఆ ఓటీపీ వెతుక్కోవాలి. తాను నవ్వులపాలవుతున్నట్టు ఆవిడకు తెలియనే తెలియకూడదు. తెలిసిందా, మళ్లీ సబ్బునీళ్లే.

ఇక మీ పుణ్యమా అని జరిగింది వినండి. వీధిలో పిల్లలు మా గేటు ముందు సబ్బు ముక్కలు పెట్టి పోతున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద విజయ్ కుమార్ అందరిలో అన్నాడు: "బ్రదర్, ఇదివరకు మీ ఇంట్లో దయ్యం ఉందనుకున్నాం. ఇప్పుడు తెలివితక్కువ దయ్యం ఉందని తెలిసింది. ముందుదే నయం." ఈ శుక్రవారం వంతు మాది. అది క్రిస్టినా గారింటికి పోయింది.

ఇట్లు,
నవ్వని
కె. యాకోబు.

తా.క.: మీ థీసిస్ హాస్యం మీదని రాశారు. పరీక్షకులకైనా నవ్వొచ్చే భాగ్యం కలగాలని ప్రార్థిస్తాను.

---

క్యాంపస్ హాస్టల్,
ఆదివారం.

పూజ్యులైన ఆచార్య యాకోబు గారి సముఖమునకు,

మీ ఉత్తరాన్ని ముందు చించేద్దామనుకున్నాను. చించే ముందు రూమ్మేట్ కిట్టుకు చదివి వినిపించాను. వాడు మంచం మీద పొర్లి పొర్లి నవ్వాడు. నా ఎపిసోడ్ చూసినప్పుడు అదే కిట్టు ఒక్క పన్ను కూడా బయటపెట్టలేదు. నాకు ఒళ్లు మండింది. మండుతూనే మళ్లీ చదివాను. మీరన్నది నిజం సార్.

మీరు సూపరింటెండెంట్ అంటే మాత్రం నేను నమ్మను. సూపరింటెండెంట్లకే హాస్యం గురించి ఇంత తెలిస్తే మా డిపార్ట్‌మెంటుకు తాళం వేసుకోవలసిందే. మీరు ఇక్కడ పాఠాలు చెప్పి రిటైరైన ఆచార్యులు. శిష్యుణ్ణి పరీక్షించడానికి ఇల్లు, దయ్యం, కూడిక అని కథ అల్లారు. ఆ సంగతి పసిగట్టినందుకైనా నన్ను మెచ్చుకోవాలి. నా గైడ్ గారు ఇన్నేళ్లలో నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా మీ ఒక్క పేరా అంత కావు.

నా పరిస్థితి బాగాలేదు. నవ్వుల ఎపిసోడ్ పేలకపోయేసరికి ఛానెల్ వాళ్లు పిలిచి చీవాట్లు పెట్టారు. దీపావళి తర్వాత ఇంకొకటి వేస్తారు. అది కూడా తన్నేస్తే కనకవల్లి ఉంటుంది, నేను పోతాను. మీరు చెప్పినట్టు కనకవల్లిని కనకవల్లిలాగే ఉంచాలని కూర్చున్నాను. ఒక్క దగ్గర ఆగిపోయాను. పగ కాకుండా ఆమెకు ఇంకేం కావాలి? మనందరికీ ఉండేలాంటి చిన్న కోరిక ఏదైనా చెప్పండి. మీ ఇంట్లో జరిగిందైనా సరే.

మీ పాదాల దగ్గర కూర్చున్న శిష్యుడు,
భూపాల్.

తా.క.: ఇదే ప్రశ్న కమలాకర్ అన్నను అడిగిన. "దయ్యానికి ప్రాబ్లం ఏముంటది ర? సచ్చిపోయింది గద, ఇగ బేఫికర్" అన్నడు.

---

తార్నాక,
శనివారం.

భూపాల్,

'గారు' తీసేశాను. నన్ను ఆచార్యుణ్ణి చేసినందుకు శిక్ష. ఆచార్యులు మార్కులు కూడితే, ఆ కూడికలను మళ్లీ కూడినవాణ్ణి నేను. మాది వేరే జాతి. నేను కథ అల్లలేదు. అల్లే తెలివే ఉంటే దయ్యానికి ఇల్లు ఇచ్చేవాణ్ణి కాను.

చిన్న కోరిక కావాలన్నావు. తన ఇంటికి నలుగురు రావాలని ఉండటం. అంతకంటే చిన్నదీ, అంతకంటే మొండిదీ నాకు తెలియదు.

వంతు క్రిస్టినా గారింటికి పోయిందని రాశాను కదా. ఆ తర్వాతి ఆదివారం రాహేలు ఎవరి వంతూ చూడకుండా "ఈ శుక్రవారం మా ఇంట్లో" అని తనే అందరికీ చెప్పి వచ్చింది. గురువారం మినప్పప్పు నానబోసింది. శుక్రవారం మధ్యాహ్నానికల్లా కింద గదిలో చాపలు పరిచింది, పాస్టర్ అయ్యగారి కుర్చీ మీద కొత్త టవలు వేసింది, కప్పులన్నీ కడిగి వరసగా పెట్టింది. అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు. క్రిస్టినా గారికి మోకాలు నొప్పి, మా మెట్లు ఎక్కలేరట. కూడిక జరిగేది కింద గదిలో. విజయ్ కుమార్‌కు మా వీధిలో కారు పెట్టుకునే చోటు లేదట. ఆయనకు కారే లేదు. అయ్యగారు లాలాగూడలో మంచం పట్టిన రోగిని చూడబోవాలట. ఆ రోగి పొద్దున కూరగాయల బండి దగ్గర నాకు వందనాలు చెప్పాడు. ఒక్కరూ దయ్యం మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడేవాణ్ణి. రాహేలు అందరికీ "ఫర్వాలేదండీ, ఆరోగ్యం జాగ్రత్త" అని చెప్పింది. అప్పటికే రుబ్బిన పిండి కనక గారెలన్నీ వేసింది. ఆమె మొహం చూడలేక నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. చాలా బాధేసింది. దానికి ఇంకో మాట లేదు.

ఈ సంఘానికి కృతజ్ఞత లేదు భూపాల్. ఆ కూడికల కోసం నేను ఎంత కష్టపడతానో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. అయ్యగారు అధ్యాయం తప్పు చెబితే అక్కడికక్కడే చెయ్యెత్తి సరిచేసేది నేను. క్రిస్టినా గారు పాట ఎత్తుకుంటే మూడో చరణంలో రాగం పక్కదారి పడుతుంది. ఆపించి, మొదటి నుంచి మళ్లీ పాడించేది నేను. సాక్ష్యం చెప్పేవాళ్లు తమ జబ్బు ఏ నెలలో తగ్గిందో ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెబుతారు. లేచి అడిగేది నేను. విజయ్ కుమార్ ప్రార్థన సాగదీస్తుంటే గడియారం వైపు చూసి గొంతు సవరించేది నేను. నేనే లేకపోతే ఆ కూడికకు ఒక క్రమం ఉండదు. ఇన్నేళ్లలో ఒక్కరూ ఎదురుచెప్పలేదు. నేను నోరు తెరవగానే అందరూ తలలు వంచుకుంటారు.

సరే, నీకు పనికొచ్చేది తీసుకో. మా పేర్లు మాత్రం ఎక్కడా రాకూడదు.

ఇట్లు,
ఆచార్యుడు కాని
యాకోబు.

తా.క.: గారెలు పక్కవీధి కోచింగ్ హాస్టలు పిల్లలకు పంపాను. దయ్యమింటి గారెలని ఫొటోలు తీసుకుని మరీ తిన్నారు. వాళ్లకు దయ్యమంటే భయం లేదు, ఆకలి ఉంది.

---

క్యాంపస్ హాస్టల్,
మంగళవారం.

యాకోబు సార్ గారికి,

మీ ఉత్తరానికి జవాబు దీపావళి దాటాక, షూటింగ్ కూడా అయిపోయాక రాస్తున్నాను. మొదటిసారి చదివినప్పుడు అమ్మ గురించి బాధ కలిగింది. రెండోసారి చదువుతుంటే ఇంకో సంగతి తట్టింది. అది మీకు రాసే ధైర్యం నాకు లేదు. ఎపిసోడ్‌లో రాశాను.

మీ పేర్లు లేవు. కూడిక లేదు, చర్చి లేదు. కనకవల్లి ఇరుగుపొరుగు ఆడవాళ్లను పేరంటానికి పిలుస్తుంది. ఆమె భర్త రాజలింగు కూడా దయ్యమే. ఈ పాత్ర కొత్తగా పెట్టాను. చదివి కమలాకర్ అన్న "గిండ్ల ఎవరు పడ్తలేరు, ఏది ఊడ్తలేదు, గిది కామెడీ ఎట్లయితది?" అన్నాడు. ఎట్లనో ఒప్పించాను. రేపు వస్తుంది. అమ్మ పక్కన కూర్చుని చూడండి. దయచేసి ఒక్కరే చూడకండి.

భయంతో, గౌరవంతో,
భూపాల్.

తా.క.: టొయ్ చప్పుడు తీసేయించాను. సౌండ్ ఇంజినీర్ నాతో మాట్లాడటం మానేశాడు.

---

తార్నాక,
గురువారం.

నాయనా భూపాల్,

చూశాను. నవ్వాను. ఈ రెండో వాక్యం రాయడానికి నాకు ఎంత కష్టమైందో నీకు తెలియదు.

కనకవల్లి గోడలోంచి లోపలికి పోగలిగి కూడా, పేరంటానికి పిలవడానికి వచ్చానని తలుపు దగ్గరే ఆగి "అమ్మా, ఉన్నారా?" అంది చూడు, అక్కడ పడిపోయాను. పైట సర్దుకుంది కూడా. ఒకావిడ "శనివారం నాకు జ్వరం వస్తది అక్కా" అంటే, ఈవిడ నిజంగానే బెంగపడి శనివారం పొద్దున కషాయం పంపింది. గ్లాసు ఒక్కటే గాలిలో తేలుతూ వీధంతా నడిచిపోయింది. వెనక సంగీతం లేదు. ఆ గ్లాసు వంక చూస్తూ కుక్క కూడా మొరగలేదు. నవ్వు అంటే అది. పైగా ఆవిడ పళ్లెంలో పసుపుకుంకాలు పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే, నవ్వుతున్నవాణ్ణి నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

ఇక ఆ రాజలింగు! పడక్కుర్చీలో కూర్చుని, పోయినసారి పేరంటానికి వచ్చిన ఆడవాళ్లకు బొట్టు ఏ వేలితో పెట్టాలో చెబుతాడు, పాటలో తప్పు పడతాడు, వ్రతకథ చెప్పేవాళ్లను ఆపి "అది సోమవారం కాదు, మంగళవారం" అంటాడు. చచ్చి అరవై ఏళ్లయినా బుద్ధి పోలేదు. చివర్లో కిటికీ దగ్గరికి పక్కింటి పద్మశ్రీ వణుకుతూ వస్తే కనకవల్లి "నేనంటే అంత భయమా?" అని అడుగుతుంది కదా. "నువ్వంటె ఏం భయమక్కా? నువ్వు మంచిదానివి. మీ ఆయనకు దండం పెడ్త. ఆయన ఉంటె మాత్రం మేం రాం." ఆ మాటకు కనకవల్లి, అరవై ఏళ్లుగా పగ ఎవరి మీద తీర్చుకోవాలో ఇప్పుడే తెలిసినట్టు, మెల్లిగా మొగుడి వైపు తల తిప్పింది. నేను సోఫా మీదినుంచి జారాను. సబ్బునీళ్లు లేకుండానే.

ఆ రాజలింగు ఎవరో నేను కనిపెట్టేశాను. అచ్చం మా విజయ్ కుమార్! నేను ఒకటి రెండు మాటలు రాస్తేనే మనిషినంతా పట్టేశావు. అందరిమీదా పెత్తనం, అన్నీ తనకే తెలుసనుకోవడం. ఇలాంటివాళ్ల వల్లే కూడికలు పాడవుతాయి. రాహేలు కూడా గుర్తుపట్టినట్టుంది. నవ్వీ నవ్వీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకంత నవ్వని అడిగితే లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కడా నవ్వు వినపడింది.

మా తమ్ముడి కూతురి పెళ్లికి ఈ రాత్రి బండికి గుడివాడ వెళ్తున్నాను. రాహేలు నడుము నొప్పని రావడం లేదు. ఆదివారం వస్తాను.

ఇట్లు,
నిన్ను కొంచెం మెచ్చుకుంటూ,
యాకోబు.

తా.క.: విజయ్ కుమార్‌కు ఫోన్ చేసి ఆ ఎపిసోడ్ తప్పకుండా చూడమన్నాను. అప్పటికే చూశాడట. తర్వాత "మీరు చూశారా బ్రదర్? మీకు నచ్చిందా?" అని మెల్లిగా అడిగాడు. సిగ్గుపడ్డట్టున్నాడు.

---

క్యాంపస్ హాస్టల్,
శుక్రవారం.

సార్,

ఛానెల్ వాళ్లు నన్ను ఉంచుకున్నారు. ఆ ఎపిసోడ్ చూసి మా గైడ్ గారు కూడా నవ్వారట. అంతా మీ చలవే.

రాజలింగు పాత్ర నేను ఎవరినీ ఉద్దేశించి రాయలేదు. ఈ మాట కళ్లజోడు లేకుండా కూడా కనపడాలని పెద్దక్షరాలతో రాస్తున్నాను. విజయ్ కుమార్ సార్‌ను మాత్రం ఇక ఏమీ అనకండి.

మీ
భూపాల్.

తా.క.: పెళ్లి పెద్దదే కదా సార్? తొందరేం లేదు, నిదానంగా రండి.

---

తార్నాక,
శనివారం.

భూపాల్,

నేను ఊళ్లో లేని శుక్రవారం మా ఇంట్లో కూడిక జరిగింది.

పోయిన ఆదివారం గుడివాడ నుంచి వచ్చేసరికి కప్పులన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి, దండెం మీద చాపలు ఉన్నాయి. అందరూ వచ్చారట. గది చాలక కొందరు వరండాలో కూర్చున్నారట. క్రిస్టినా గారు ఆ మోకాలితోనే మేడమెట్లన్నీ ఎక్కి, కనకవల్లి నిలబడే చోట నిలబడి ఫొటో దిగారట. అయ్యగారు గారెలు అడిగి మరీ వేయించుకున్నారట. "చూశావా, నవ్వితే భయం పోతుందని నేను అననే అన్నాను" అన్నాను గర్వంగా. రాహేలు నా చేతిలో సంచి అందుకుని, మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి చెప్పింది.

"దయ్యానికి ఎవరూ భయపడలేదండీ. ముందునుంచీ మీకే. సీరియల్ రాకముందే మన వంతు తప్పిద్దామని చూశారట, పాపం వంక దొరక్క ఊరుకున్నారు. మీరు ఊరెళ్లారని తెలిసి విజయ్ కుమార్ గారే ఫోన్ చేశారు, 'అక్కా, ఈ శుక్రవారం మీ ఇంట్లో పెట్టుకుందామా' అని."

"వాడికేం తెలుసు? ఆ ఎపిసోడే వాడి మీద తీశారు" అన్నాను.

రాహేలు నా మొహంలోకి జాలిగా చూసింది. "రాజలింగు ఎవరో మీకు నిజంగా తెలియలేదా?" అంది.

దానికి జవాబు చెబుదామని గొంతు సవరించుకున్నాను. ఆ చప్పుడు నా చెవిన పడింది. అప్పుడు తెలిసింది.

నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, క్యాంపస్‌కు వచ్చి నీ మంచం బోర్లేద్దామనుకున్నాను. మజ్జిగ ఇచ్చిన ఆవిడను దయ్యాన్ని చేశావు, నన్ను అంతకంటే హీనం చేశావు. తర్వాత కోపం పోయి సిగ్గేసింది. ఆమె ఉతికిన ఆ చాపలన్నీ నావల్లేనా అని రెండు పూటలు అన్నం సయించలేదు. ఇది ఎవరితోనూ అనకు.

నిన్న శుక్రవారం మళ్లీ మా ఇంట్లోనే. "ఆయన ఉంటారు, అయినా రండి" అని రాహేలు చెప్పిందట. బితుకుబితుకుమంటూ వచ్చారు. నేను వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. అయ్యగారు అధ్యాయం తప్పు చెప్పారు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను. ఒకాయన సాక్ష్యంలో పోయినసారి కామెర్లన్నది ఈసారి టైఫాయిడ్ అయింది. మింగాను. క్రిస్టినా గారు పాట ఎత్తుకున్నారు. మూడో చరణం దగ్గర రాగం ఎప్పటిలాగే పక్క సందులోకి తిరిగింది. నాకు చెమటలు పట్టాయి. తల తిప్పి చూస్తే ఆడవాళ్ల వైపు నుంచి రాహేలు నన్నే చూస్తోంది. కళ్లతో ఆ రాగం పోయిన దిక్కు చూపించి, పెదవి బిగబట్టి నవ్వింది. ఇన్నేళ్లుగా ఆ తప్పు ఆమెకూ వినపడుతూనే ఉంది భూపాల్! నేను పట్టుకున్నవన్నీ ఆమె నాకంటే ముందే పట్టుకుని, లోపల నవ్వుకుని, అందరికీ టీ ఇచ్చేదట. నాకు నవ్వు ఆగలేదు. ఇద్దరం తలలు బాగా దించుకున్నాం. మేము ప్రార్థనలో కదిలిపోయి ఏడుస్తున్నామనుకుని పక్కవాళ్లు మా వీపులు నిమిరారు.

వచ్చే శుక్రవారం నువ్వూ రా. గారెలుంటాయి.

ఇట్లు,
రాహేలు భర్త,
యాకోబు.

తా.క.: వెళ్తూ వెళ్తూ అయ్యగారు నన్ను పక్కకు పిలిచి చెయ్యి పట్టుకున్నారు. "బ్రదర్, ఇవాళ మీరు ఒక్క మాటా అనలేదు. ఒంట్లో బాగానే ఉందా? మాకందరికీ భయమేసింది" అన్నారు.